గుర్రం నడకకు కట్టిన పాటలు

1970 డిసెంబర్‌లో బ్రిటన్‌లో ఫిలిప్స్ కంపెనీ ఒక ఎల్పీ రికార్డు విడుదల చేసింది. పేరు ‘జస్ట్ అనదర్ డైమండ్ డే’. పాటలు కట్టి పాడింది వష్టి బన్యన్ అనే పాతికేళ్ల అమ్మాయి. 14 పాటలు, అన్నీ కలిపితే అరగంట. పత్రికలు బాగుందనే రాశాయి. కొన్నవాళ్లు మాత్రం కొన్ని వందల మందే అంటారు. ఆ అమ్మాయి ఊరుకుంది. అలిగి కాదు, ఎవరినీ ఆడిపోసుకోనూ లేదు. పాటను వదిలేసి పిల్లల్నీ పశువుల్నీ చూసుకుంటూ దాదాపు 30 ఏళ్లు గడిపేసింది. తర్వాత లోకం ఆ రికార్డును వెతికి పట్టుకుంది.

ఈ కథ ఇప్పుడు సంగీతం మీద ఆసక్తి ఉన్నవాళ్లలో చాలామందికి తెలుసు. కథ బాగుంటుంది కాబట్టి అందరూ కథే చెబుతారు. గుర్రబ్బండి, స్కాట్లండ్ దీవులు, మరుగునపడటం, మళ్లీ వెలుగులోకి రావడం. నాకున్న పేచీ అక్కడే. ఆ పాటల్లో ఏం రాసిందో ఎవరూ మాట్లాడరు. మాట్లాడినా ‘చిన్నపిల్లల పాటల్లా ఎంత అమాయకంగా ఉన్నాయో’ అని ముద్దుచేసి వదిలేస్తారు. ముద్దుచేయడం కూడా ఒక రకంగా పక్కన పెట్టడమే. ఈ వారం ఆ మాటల సంగతే చూద్దాం.

నచ్చిన పాటను నోటుబుక్కులో చేత్తో రాసుకుని, ట్యూన్ లేకుండా చదవడం నాకు పాత అలవాటు. ట్యూన్ వినిపిస్తున్నంతసేపూ మాటల లోటుపాట్లు తెలియవు. గొంతు బాగుంటే మరీను. కాగితం మీదికి వచ్చేసరికి ఎంతటి పాటైనా నిజం చెప్పేస్తుంది. ఎక్కడ ప్రాస కోసం మాట వచ్చిపడిందో, ఎక్కడ లెక్క సరిపోక ఒక ‘ఓ’ చేర్చారో కనిపిస్తుంది. మన సినిమా పాటలూ అంతే, వాళ్ల రాక్ పాటలూ అంతే. ఈ పరీక్షలో చాలా గొప్ప పాటలు తేలిపోయాయి. పనికిరావనుకున్నవి కొన్ని గట్టిగా నిలబడ్డాయి.

వష్టి పాటలు రాసి చూస్తే మొదట ఏమీ కనిపించదు. అన్నీ పొట్టి మాటలు. గడ్డి, పొలం, గింజ, వాన, పడవ, కిటికీ. ఆశ్చర్యపరిచే పోలికలు లేవు. తత్వం లేదు. అదే ఏడాది, ఆ చుట్టుపక్కల ఏళ్లలో, ఇంగ్లీషులో పాటలు రాసేవాళ్లంతా బాబ్ డిలన్ చూపిన దారిలో పేజీలకు పేజీలు రాస్తున్నారు. ప్రతి చరణంలోనూ ఒక ప్రవక్త, ఒక పిచ్చివాడు, ఒక రైలు. ఈమె కూడా 18 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో డిలన్ ‘ఫ్రీవీలిన్’ రికార్డు విని, ఇక పాటలే తన పని అనుకున్న మనిషే. డిలన్ నుంచి ధైర్యం తీసుకుంది గానీ వాక్యం తీసుకోలేదు.

టైటిల్ పాటనే తీసుకోండి. రెండు నిమిషాలు కూడా ఉండదు. మూడు చిన్న చరణాలు. నేను, నువ్వు అనే మాటలు లేవు. మనుషుల గొడవ లేదు. ప్రతి చరణంలోనూ ముందు చిన్న చిన్న వస్తువులు ఒక్కొక్కటిగా వస్తాయి. ఇదొకటి, అదొకటి అన్నట్టు, ఏదీ పెద్ద విషయం కాదన్నట్టు. చివరి పాదంలో మాత్రం ఏదో ఒకటి కదులుతుంది. మొదటి చరణంలో గుర్రాలు, రెండో చరణంలో పిల్లలు. మూడో చరణానికి వచ్చేసరికి వస్తువులు పోయి, వాటి చోట బతుకు, మాట, ప్రేమ వచ్చి కూర్చుంటాయి. అదే పద్ధతిలో, అదే తేలికతనంతో. గడ్డిపోచను లెక్కపెట్టిన గొంతే ప్రేమనూ లెక్కపెడుతుంది. రెండింటికీ ఒకే తూకం. ఇది అమాయకత్వం కాదు, కొలిచి చేసిన పని. ఒక్క విశేషణం ఎక్కువ పడితే మొత్తం కూలిపోతుంది. అలా పడకుండా చూసుకోవడమే ఇందులో కష్టం.

అయితే ఈ పాటలు పుట్టింది తీరిగ్గా కూర్చుని పొలాలు చూస్తూ కాదు. ఆ సంగతి తెలిస్తేనే ఈ మాటల బరువు తెలుస్తుంది.

వష్టి లండన్‌లో పెరిగింది. ఆక్స్‌ఫర్డ్‌లో రస్కిన్ స్కూల్లో బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి చేరి, బొమ్మల కంటే పాటల మీదే ఎక్కువ కాలం గడిపి బయటికొచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ మేనేజర్ ఆండ్రూ లూగ్ ఓల్డ్‌హమ్ కంట పడింది. సొంత పాటలు చేతిలో ఉన్నా, మొదటి రికార్డుకు మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ రాసిన పాట పాడించారు. ఆమె సొంత పాట రికార్డుకు రెండో వైపు వెళ్లింది. పత్రికలు ఆమెను గాయని మరియాన్ ఫెయిత్‌ఫుల్‌తో పోల్చి కొత్త మరియాన్ అన్నాయి. పాత మరియాన్ అప్పటికి ఇంకా పాడుతూనే ఉంది. ఆ రికార్డు నడవలేదు, తర్వాతవీ నడవలేదు. కొన్ని అసలు బయటికే రాలేదు. ఆమె కోరుకున్నది చాలా మామూలు విషయం. ఆర్భాటం లేని చిన్న పాట ఒకటి, గిటారు తోడుగా, పాప్ చార్టుల్లో వినిపించాలని. జానపద గాయని అనిపించుకోవాలని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆ ముద్ర తనకు నప్పదని ఇప్పటికీ చెబుతుంది.

ఆ విసుగులో ఆమె లండన్ వదిలింది. చిత్రకళ చదువుతున్న రాబర్ట్ లూయిస్ అనే స్నేహితుడు, అతని కాలేజీ దగ్గర పొదల్లో వేసుకున్న గుడారం లాంటి కాపురం. ఆ స్థలం వాళ్లు ఖాళీ చేయమన్నారు. అప్పుడు పాటగాడు డోనవన్ స్కాట్లండ్ పడమటి తీరాన స్కై దీవి దగ్గర స్థలం కొన్నాడని, కళాకారులందరూ అక్కడ కలిసి ఉండొచ్చని తెలిసింది. అతని దగ్గరే అప్పు తీసుకుని ఒక గుర్రాన్నీ బండినీ కొన్నారు. గుర్రం పేరు బెస్. కుక్క పేరు బ్లూ. 1968లో బయల్దేరారు. ఇంగ్లండ్ దక్షిణం నుంచి స్కాట్లండ్ వాయవ్య మూల దాకా, కార్లూ లారీలూ పోయే రోడ్డు పక్కన, గుర్రం నడిచినంత వేగంతో. వాన, బురద, రాత్రి ఎక్కడ ఆగాలన్న బెంగ, దేశదిమ్మరులని తరిమే ఊళ్లు, చేతిలో డబ్బు లేకపోవడం, దొరికిన చిల్లర పని చేయడం. 1969లో చేరేసరికి డోనవన్ అక్కడ లేడు. ఊహించుకున్న ఊరు లేదు. వాళ్లు ఇంకా పడమటికి, అవుటర్ హెబ్రిడీస్ దీవుల్లో బెర్నరే దాకా వెళ్లారు.

పాటల్లో ఎక్కువ భాగం ఆ దారిలో కట్టినవే. మరి అందులో ఆ బురద ఏది? తరిమేసిన ఊళ్లేవి? డబ్బు లేని దిగులేది? నోటుబుక్కులో రాసుకున్నప్పుడు నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే. మన పఠనపు అలవాటు ఎలాంటిదంటే, పాటలో వేదన కనిపిస్తేనే లోతు ఉందంటాం. కష్టం అనుభవించి సుఖం పాడితే అబద్ధం అంటాం, లేదా పలాయనం అంటాం. ఆ కొలబద్ద పెట్టి చూసినవాళ్లకు ఈ రికార్డు తేలిగ్గా అనిపించడంలో వింత లేదు.

కానీ వరినాట్లప్పుడు ఆడవాళ్లు పాడే పాటలు ఒకసారి గుర్తు చేసుకోండి. అందులో సీతమ్మ ఉంటుంది, బావామరదళ్ల సరసం ఉంటుంది, అత్త మీద విసుర్లు ఉంటాయి. పొద్దున్నుంచి వంగి ఉన్న నడుము గురించి మాత్రం పెద్దగా ఉండదు. ఆ పాట పనిని వర్ణించడానికి కాదు, పనిని సాగించడానికి. నడుం నొప్పి పాడేవాళ్లకు తెలియకా కాదు, చెప్పడానికి మాటలు లేకా కాదు. నొప్పి ఎలాగూ ఉంది, దానికి పాట ఎందుకు?

వష్టి పాటలు సరిగ్గా ఆ కోవలోవి. తాము బతికిన రోజుల కంటే బతకాలనుకున్న రోజులే ఆ పాటల్లో ఉన్నాయన్న అర్థం వచ్చేలా తర్వాతి కాలంలో ఆమె కూడా చెప్పింది. అంటే అవి డైరీ కాదు, దారి బత్తెం. ఆ దృష్టితో మళ్లీ చదివితే ప్రతి పాటలోనూ ఒక పని కనిపిస్తుంది. ‘జాగ్ అలాంగ్ బెస్’ గుర్రాన్ని అదిలించే పాట. బండితో పాటు నడిచే ఒక్కో ప్రాణినీ పేరు పెట్టి పిలుస్తుంది, ఒక్కోదాని నడకకు తగ్గ క్రియ ఒకటి తగిలిస్తుంది. మాటలు డెక్కల లెక్కలో పడతాయి. చదువుతుంటే ఏమీ లేదనిపిస్తుంది, నడుస్తూ పాడి చూస్తే కాళ్లు వాటంతటవే సాగుతాయి. ‘విండో ఓవర్ ద బే’లో సముద్రం వైపు కిటికీ ఉన్న ఇల్లు కావాలన్న కోరిక ఉంది. ఇల్లు ఉన్నవాళ్లు రాసే పాట కాదది. బండిలో పడుకునేవాళ్లు మాత్రమే కిటికీని అంత వివరంగా కోరుకుంటారు. ‘కమ్ విండ్ కమ్ రెయిన్’ పేరులోనే వాతావరణాన్ని సవాలు చేస్తుంది. గాలి వస్తే రానీ, వాన వస్తే రానీ. దారి కష్టం ఈ రికార్డులో పైకి కనిపించే చోటు ఇదొకటి. ఇక్కడైనా మూలుగు వినిపించదు, బయల్దేరే తొందర వినిపిస్తుంది.

‘రోజ్ హిప్ నవంబర్’ నాకు అన్నిటి కంటే ఇష్టం. రోజ్ హిప్ అంటే అడవి గులాబీ కాయ. ఆకులు రాలే కాలంలో కంచెల మీద ఎర్రగా పండుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నారింజలు దొరక్క బ్రిటన్‌లో జనం, బడిపిల్లలతో సహా, వీటిని ఏరి ఇస్తే విటమిన్ సి కోసం సిరప్ కాచేవారు. యుద్ధం ముగిసిన 1945లోనే వష్టి పుట్టింది. ఆమె తరం పిల్లలు ఆ సిరప్ చెంచాడు చెంచాడు తాగి పెరిగారు. ఒక ఇంగ్లీషు శ్రోతకు ఆ రెండు మాటల్లో చెట్టూ, ఋతువూ, వంటగదీ, అమ్మ చేతి చెంచా అన్నీ ఉన్నాయి. అదే పాటలో, రాలుతున్న ఆకును నేల తాకకముందే పట్టుకుంటే అదృష్టం అనే పల్లెటూరి నమ్మకం ఒకటి వస్తుంది. దానికి ఏ వివరణా ఉండదు. తెలిసినవాళ్లకు తెలుస్తుంది, తెలియనివాళ్లకు ఒక ఆకు కనిపిస్తుంది. పోలికలు వాడకుండా పాటకు లోతు ఎక్కడి నుంచి వస్తుందంటే ఇక్కడి నుంచి. సరైన వస్తువును ఎంచుకుంటే దాని వెనక ఉన్న జీవితమంతా దానితో పాటే వస్తుంది. కవి మోసుకురావలసిన పనిలేదు.

అన్నీ ఇలా ఉన్నాయని అనను. ‘లిలీ పాండ్’ బాణీ ‘ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్’దే. ఆ బాణీ వినిపించగానే ఎవరికైనా బడి గుర్తొస్తుంది, ఇక మాటలు ఏం చెప్పినా అందులోనే కలిసిపోతాయి. ‘టిమొతీ గ్రబ్’లో చెప్పిన కథ వాళ్ల స్నేహితులకు ముచ్చటగా ఉండి ఉండొచ్చు, బయటివాళ్లకు అందదు. పిల్లల పాటలన్న ముద్ర ఊరికే పడలేదు. అయితే ఆ రెండింటి పేరు చెప్పి మిగతా పన్నెండింటినీ తోసేయడం అన్యాయం.

ముద్ర పడటానికి ఇంకో కారణం రికార్డు చేసిన తీరు. ప్రయాణం మధ్యలో ఒక క్రిస్మస్‌కు లండన్ వచ్చినప్పుడు ఆమె నిర్మాత జో బోయ్డ్‌ను కలిసింది. ప్రయాణం పాటలన్నీ రికార్డు చేద్దామని అతను మాటిచ్చాడు. మరుసటి ఏడాది చివర్లో లండన్‌లో సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో పని జరిగింది. బోయ్డ్ తన చుట్టూ ఉన్న మేటి వాద్యగాళ్లనే పిలిచాడు. ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ నుంచి సైమన్ నికోల్, ఫిడేలుకు డేవ్ స్వార్బ్రిక్, ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బ్యాండ్ నుంచి రాబిన్ విలియమ్సన్. కొన్ని పాటలకు వాద్యరచన రాబర్ట్ కర్బీ చేశాడు. నిక్ డ్రేక్ మొదటి రికార్డులో కొన్ని పాటలకు తీగవాద్యాలు సమకూర్చింది ఇతనే. డ్రేక్‌నూ వష్టినీ ఒకచోట కూర్చోబెట్టి కలిసి పాట రాయించాలని బోయ్డ్ ఒకసారి చూశాడట. ఇద్దరూ ఎదుటి మనిషితో మాట్లాడటానికే మొహమాటపడే రకం. పాట పుట్టలేదు.

వాద్యాలు అందంగా ఉన్నాయి. కాదనను. కర్బీ చేసిన పాటల్లో ఆ మాటల మధ్య ఖాళీని గౌరవించి పక్కకు తప్పుకున్న తీగలు వినిపిస్తాయి. కానీ ఫిడేలు, మాండలిన్, బాంజో కలిసేసరికి వినేవాళ్లు ఆ పాటల్ని జానపదం అనే గదిలో కూర్చోబెట్టేశారు. జానపదమంటే ఎప్పటిదో, ఎవరిదో. తెలిసి తెలిసి ఒక మనిషి కూర్చుని ఒక్కో మాటా ఏరిందన్న సంగతి వెనక్కి పోయింది. రచయిత్రి కాస్తా ఒక అందమైన వాతావరణంగా మారిపోయింది. మన దగ్గర కూడా పల్లెపదంలా వినిపించే పాట రాసినవాళ్లకు ఇదే జరుగుతుంది. పాట ఎంత సహజంగా ఉంటే రాసినవాళ్ల పేరు అంత తొందరగా మర్చిపోతాం.

ఆపైన టైము కలిసిరాలేదు. రికార్డయిన ఏడాదికి గానీ ఎల్పీ బయటికి రాలేదు. ఈలోగా బోయ్డ్ తన కంపెనీ అమ్మేసుకుని అమెరికా వెళ్లే ఏర్పాట్లలో పడ్డాడు. ఈమె కచేరీలు ఇచ్చే మనిషి కాదు, ఒడిలో పసిబిడ్డ. అమ్మిపెట్టేవాళ్లు లేని రికార్డు షాపుల్లో ఉండిపోయింది. ఆ నిశ్శబ్దాన్ని ఆమె తన పాటలు బాగాలేవన్న తీర్పుగా తీసుకుంది. చాలా ఏళ్లు ఆ రికార్డు వినడానికే మనసొప్పలేదని, కన్నపిల్లలకు కూడా పాడలేదని చెప్పుకుంది.

1990ల చివర్లో ఇంటికి కంప్యూటర్ వచ్చాక తన పేరు వెతికి చూసుకుంటే, ఆ పాత ఎల్పీ కోసం జనం వెతుకుతున్నారని తెలిసింది. 2000లో సీడీగా మళ్లీ విడుదలైంది. కొత్త తరం పాటగాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లలో దేవేంద్ర బన్హార్ట్ ఒకడు. పేరు చూసి మనవాడనుకోకండి, వెనెజువెలాలో పెరిగిన అమెరికన్. 2005లో, 60 ఏళ్ల వయసులో, ఆమె రెండో ఆల్బమ్ ‘లుకాఫ్టరింగ్’ వచ్చింది. నిర్మాత మాక్స్ రిక్టర్. మూడోది ‘హార్ట్‌లీప్’ 2014లో. మొదటిదానికీ రెండోదానికీ మధ్య 35 ఏళ్లు.

‘లుకాఫ్టరింగ్’లో ‘వేవార్డ్’ అని ఒక పాట ఉంది. 2022లో వచ్చిన ఆత్మకథకు కూడా ఆమె ఆ పేరే పెట్టుకుంది. మొదటి రికార్డులో వదిలేసిందంతా ఈ పాటలో ఉంది. ప్రేమించిన మనిషి దారుల మీద తిరుగుతుంటే ఇంట్లో మిగిలిపోయేది నేనే కావాలని అనుకోలేదే అన్న బాధ. ఎంత ఉతికినా తరగని బట్టలు. వాటి వెనక ఎటు పోతున్నాయో తెలియని రోజులు. తిరగాలనుకున్నది తనూను. బండిలో ఉన్నప్పుడు ఇల్లు కోరుకున్న మనిషి, ఇంట్లో ఉండి దారిని కోరుకుంటోంది.

పద్ధతి మాత్రం పాతదే. ఇక్కడా పెద్ద మాటలు లేవు. పితృస్వామ్యం లేదు, అస్తిత్వం లేదు. ఆరేసిన బట్టలున్నాయి. 25 ఏళ్లప్పుడు గడ్డిపోచతో ఏం చేసిందో, 60 ఏళ్లప్పుడు ఉతికిన దుప్పటితో అదే చేసింది. రెండు పాటలూ పక్కపక్కన రాసుకుని చూస్తే, మొదటి రికార్డులో కష్టం లేకపోవడం తెలియనితనం కాదని ఇక ఎవరికీ సందేహం ఉండదు. ఆమెకు అన్నీ తెలుసు. ఏది ఎప్పుడు పాడాలో కూడా తెలుసు.

ఈ రికార్డు వినాలనుకుంటే టైటిల్ పాటతో మొదలుపెట్టకండి. 2000ల మధ్యలో ఒక టెలిఫోన్ కంపెనీ దాన్ని బ్రిటన్‌లో టీవీ ప్రకటనకు వాడుకుంది. తియ్యగా ఉండే పాటను తియ్యగానే అమ్మారు. ముందు ‘కమ్ విండ్ కమ్ రెయిన్’ వినండి. తర్వాత ‘వేవార్డ్’. ఆ రెండూ అయ్యాక ‘డైమండ్ డే’కు రండి. ఆ గడ్డీ గింజా వేరేగా వినిపిస్తాయి. అయితే ఒక్క మాట. గోడు వెళ్లబోసుకుంది కాబట్టి ‘వేవార్డ్’ గొప్పది, పాతది దానికి తొలిమెట్టు అని మాత్రం తేల్చేయకండి. దారి మీద ఉన్నప్పుడు దిగులు పాడితే గుర్రం ముందుకు నడవదు. దిగులు పాడుకోవడానికి గడప దాటని తీరిక కావాలి. ఏ పాట ఎక్కడ నిలబడి కట్టారో చూడకుండా దాని లోతు కొలవడం విమర్శకులకు ఉన్న జబ్బు, నాతో సహా.